మేక వెంట్రుకల బ్రష్షు

"ఎవరైనా ఓవెను మీద చెయ్యి వేశారో, చేతులు విరగ్గొడతాను," అంది అత్తయ్య.

ఆ మాట మా ఆయనతోనా, నాతోనా అని ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరికీ కలిపే అయ్యుంటుంది. మా ఇంట్లో బన్నులైనా తిట్లయినా విడిగా దొరకవు.

తెల్లారిన దగ్గర్నుంచీ ఆవిడ ఓవెను తలుపుకి వీపు ఆనించి, స్టూలు వేసుకుని కూర్చుంది. నిన్నటి తనిఖీ సంగతి తేలేదాకా ఓవెను వెలిగించనివ్వదట. పొద్దున్నే కలిపిన పిండి తొట్టెలో పొంగి మూతని పైకి ఎత్తేసింది. ఒకసారి అణిచాను. మళ్ళీ పొంగింది. మళ్ళీ అణిచాను. ఇంకోసారి పొంగిందంటే ఇక పులుపే, బన్నుకి పనికి రాదు.

"అత్తయ్యా, పిండి పాడైపోతోంది."

"పోనీ. పిండి పోతే ఇంకోటి పిసుక్కోవచ్చు. పరువు పోయింది, దాన్ని ఎవరు పిసుకుతారు?"

గది మధ్యలో పిండి బల్ల. బల్ల మీద ప్లాస్టిక్ కవరు. కవర్లో బన్నులకి పూత వేసే బ్రష్షు. నిన్న హలాల్ సర్టిఫికెట్టు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన దాన్ని అందులో పెట్టి, మూతికి స్టిక్కరు అంటించి, "రేపు నేనొచ్చేదాకా ఎవరూ విప్పకండి" అని చెప్పి పోయాడు. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదీ ఆ బల్లకి ఆమడ దూరంలో తిరుగుతున్నాం.

కవర్లో పెట్టడానికి ముందు దానికో పరీక్ష జరిగింది. ఆయన ఆ బ్రష్షులోంచి ఒక్క వెంట్రుక పీకి అగ్గిపుల్లతో ముట్టించాడు. నైలానైతే కరిగి ఉండకట్టాలి. అది ఉండకట్టలేదు. చుర్రుమని ముడుచుకుని, జుట్టు కాలిన కంపు కొట్టింది.

"జంతువు వెంట్రుకే," అన్నాడాయన. "ఏ జంతువుదో చెప్పగలరా?"

మేకదని అత్తయ్య అంది, కానీ అందుకు కాగితం ఏదీ లేదు. బజార్లో దొరికే ఇలాంటి బ్రష్షులు చాలామటుకు దేని వెంట్రుకలతో చేస్తారో ఆయనే చెప్పాడు. ఆ జంతువు పేరు మా ఇంట్లో తిట్టడానికి కూడా వాడం.

మా బన్ను కవర్ల మీద ఉండే ఆ చిన్న ఆకుపచ్చ ముద్ర కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. వెనిల్లా ఎసెన్సులో సారాయి కలిసిందా లేదా? కేకు మెత్తగా రావడానికి వేసే పొడి చెట్ల నూనెలోంచి తీశారా, కొవ్వులోంచి తీశారా? కోడిమాంసం ఇచ్చేవాడి కాగితం గడువు ఎప్పటిదాకా? వ్యాను అబ్బాయి మన ట్రేల పక్కన ఇంకెవరి సరుకైనా పెట్టుకుంటున్నాడా? వనస్పతి కంపెనీవాడు డబ్బా రంగు మార్చినా నాకు నిద్ర పట్టేది కాదు. ఫోన్ చేసి లోపల సరుకు కూడా మార్చావా నాయనా అని అడిగేదాన్ని. అన్నీ చూశాను. ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది.

ఆ తోక కూడా నేను వద్దన్న తోకే! ఎర్ర రబ్బరు బ్రష్షు కొనుక్కొచ్చి, ఇక నుంచి బన్నులకి పాలూ గుడ్డూ పూత వెయ్యడానికి ఇదే అని అత్తయ్య చేతికిచ్చింది నేను. "మేము రబ్బరు బ్రష్షు తప్ప ఇంకోటి వాడం" అని ఫైల్లో రాసి సంతకం పెట్టిందీ నేనే. నిన్న తనిఖీ ఆయన మైదా సొరుగు లాగేసరికి, అడుగున గుడ్డలో చుట్టి పాత బ్రష్షు.

"నేను కొన్న ఎర్ర బ్రష్షు వాడుతున్నానని చెప్పారు కదా అత్తయ్యా?"

"వాడాను. నువ్వు చూసినప్పుడల్లా వాడాను."

"చూడనప్పుడు?"

"చూడనప్పుడు పని చేశాను."

ఇలాంటి మనిషితో వాదించడం నావల్ల కాదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకి కూడా మొన్న నేనే సున్నం కొట్టించాను, తనిఖీ ఉందని.

"రబ్బరుతో పూత వేస్తే బన్నుకి చెమట పట్టినట్టుంటుంది తప్ప మెరుపు రాదు," అంది అత్తయ్య. "అది మీ మామయ్య నాకు చేయించి ఇచ్చిన బ్రష్షు. మేకలు మేపేవాడి దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, నా కళ్ళముందు మేక వెంట్రుకలు కోయించి కట్టించారు. అరిగినప్పుడల్లా మళ్ళీ మేక వెంట్రుకలే. ఇదిగో, వీడు పళ్ళొచ్చే రోజుల్లో," అంటూ మా ఆయన వైపు గడ్డం ఎత్తి చూపించింది, "దాని పిడి పట్టుకుని కసకసా కొరికాడు. ఆ గాటు ఇప్పటికీ ఉంది. పూత వేసేటప్పుడు నా బొటనవేలు ఆ గాటులోనే ఆనుతుంది. నా బ్రష్షు సంగతి నాకు ఎవడో అగ్గిపుల్ల గీసి చెప్పాలా?"

"చెప్పండి, ఆయనకి అదే చెప్పండి."

"చెబుతాను. ఒట్టేసి చెబుతాను."

ఆ మాట ఆవిడ నోట వినడం నాకు ఇదే మొదటిసారి. అత్తయ్య ఒట్టు వెయ్యదు. ఎంత పెద్ద విషయానికైనా సరే. పాలవాడు నీళ్ళు కలపలేదని ఒట్టేస్తే, "పాలు తీసుకెళ్ళు, ఒట్టు తీసుకెళ్ళు, రెండూ వద్దు" అని వెనక్కి పంపిన మనిషి. దేవుణ్ణి సాక్షిగా పిలిచామంటే ఆ సాక్షి నిజంగా వచ్చి కూర్చుంటాడని ఆవిడ నమ్మకం.

నిన్న వెళ్ళేముందు తనిఖీ ఆయన ఒక దారి చూపించాడు. ఆ బ్రష్షు పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి అల్లా సాక్షిగా ఇది మేక వెంట్రుకేనని చెప్పి సంతకం పెడితే, ఇక మీదట దాన్ని వాడబోమని మాటిస్తే, మా సర్టిఫికెట్టు ఆపడు. లేదంటే ముద్ర తీసెయ్యాలి. గదీ, ట్రేలూ, బల్లలూ అన్నీ, ఆ జంతువు తాకినట్టే లెక్కగట్టి, మట్టినీళ్ళతో శుద్ధి చెయ్యాలి. మళ్ళీ మొదట్నుంచీ అర్జీ పెట్టుకోవాలి. ఆ లోపల ఆసుపత్రి క్యాంటీనువాళ్ళు ఇంకో బేకరీ చూసుకుంటారు. వాళ్ళు ఆ ముద్ర చూసే మా దగ్గర తీసుకుంటున్నారు. వాళ్ళు పోతే ఈ కొట్టుకి మిగిలేది సాయంత్రం చాయ్‌లోకి బిస్కెట్లు కొనే నలుగురే.

"మట్టితో కడగాలట!" అత్తయ్య మళ్ళీ అందుకుంది. "పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఈ గదిలోకి మట్టి రాకుండా చూసుకుంటున్నాను. ఇప్పుడు నా చేతనే మట్టి పోయిస్తారట!"

మా ఆయన తుడిచిన ట్రేనే మళ్ళీ తుడుస్తున్నారు. నిన్నటి నుంచీ అంతే. తేలు కుట్టిన దొంగలా ఉన్నారు.

షట్టరు సగం దించిన ముందు గదిలోంచి వదిన వచ్చింది. వదినంటే మా ఆయన అక్క. గల్లా ఆవిడదే.

"ఒకాయన బన్నులడిగితే ఓవెను పాడైందన్నాను. ఇంకొకాయన అడిగితే గ్యాసు రాలేదన్నాను," అంది. "ఇద్దరూ పక్కపక్క ఇళ్ళవాళ్ళని నాకేం తెలుసు? ఇప్పుడు కలిసి వచ్చి నిలబడ్డారు. ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పు," అంది అత్తయ్య.

"ఏది నిజం?" అంది వదిన.

వదిన వెనక్కి పోయి ఆ ఇద్దరికీ మూడో అబద్ధం ఏదో చెప్పింది.

*

మా ఆయన ఎటు పోయారా అని చూస్తే స్టోరు గదిలో ఉన్నారు. ఇటువైపు పంచదార బస్తాలు అటు జరిపి, అటువైపువి ఇటు తెస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"సర్దుతున్నాను."

"అవి సర్దే ఉన్నాయి కదండీ."

ఆయన ఒక బస్తా మీద కూలబడ్డారు. తర్వాత అడిగారు: "ఒక మనిషి తెలీక తప్పుడు ఒట్టు వేస్తే, ఆ పాపం ఎవరికి? వేసినవాళ్ళకా, వెయ్యనిచ్చినవాళ్ళకా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ధర్మసందేహం అడగడం ఇదే మొదలు. ఎప్పుడూ అడిగేది జేబురుమాలు ఎక్కడుందనే.

"ఏం చేశారు? సూటిగా చెప్పండి."

"అది అమ్మ బ్రష్షు కాదు."

"ఏది?"

"కవర్లో ఉన్నది."

నాకు అర్థం కాలేదు. అర్థమవుతున్నకొద్దీ ఇంకా అర్థం కాకుండా పోయింది. ఆయన తల దించుకుని చెప్పుకుపోయారు. కిందటేడు ఎవరో బన్ను పట్టుకొచ్చి, అందులో వెంట్రుక ఉందని కొట్టు ముందు నానా గొడవ చేశారట. చూస్తే పాత బ్రష్షు వెంట్రుకలు ఊడుస్తోంది. మేకలు మేపేవాడు ఏనాడో పోయాడు, మళ్ళీ కట్టేవాళ్ళు లేరు.

"అమ్మకి చెప్పాను. ఆ వెంట్రుక బ్రష్షుది కాదు, నీ నెత్తిదే అంది."

"మీ నెత్తి మీద ఉంటే కదా రాలడానికి!"

"అదే అన్నాను. వినలేదు. ఇంకో గొడవైతే కొట్టు పేరు పోతుందని, దాన్ని చెత్తబండిలో వేసేశాను. అలాంటిదే పెయింటు కొట్లో దొరికింది. వెంట్రుకలు వేడినీళ్ళలో ఉడకబెట్టాను. పిడికి టీ డికాక్షన్ పట్టించి, మంట మీద కాస్త కమర్చాను. అచ్చం పాతదానిలాగే వచ్చింది."

"పెయింటు బ్రష్షా?"

"బ్రష్షు బ్రష్షే కదా అనుకున్నాను. దేని వెంట్రుకో అని ఆలోచన కూడా రాలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు వెయ్యకండి, ఇవాళ్టికి ఇంట్లో ఒట్లు చాలు." నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. "మరి గాటు? అత్తయ్య బొటనవేలు ఆనే గాటు?"

ఆయన నేల చూపులు చూశారు.

"కొరికాను."

"ఏంటీ?"

"పిడి కొరికాను. రెండుసార్లు. మొదటిసారి సరిగ్గా పడలేదు."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కొంచెం నవ్వాను కూడా, సిగ్గు లేకుండా. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత పెయింటు కొట్టుకి ఫోన్ చేశాను. ఒకవేళ అది మేకదే అయితే? గుర్రానిదైనా, ఇంకేదైనా? మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా తాడులాగే కనిపిస్తుంది.

"మీ దగ్గర చెక్క పిడి బ్రష్షులున్నాయి కదండీ, అవి దేంతో చేస్తారు?"

"చెక్కతోనమ్మా."

"పిడి కాదండీ, వెంట్రుకలు."

"ఓ అదా. నేచురలమ్మా."

"నేచురల్ అంటే?"

"నేచురల్ అంటే నేచురలే. పెట్టె మీద అదే రాసుంది. రంగు బాగా పట్టుకుంటుంది. మీకు గోడలెన్ని ఉన్నాయి, లోపలా బయటా కలిపి?"

ఫోన్ పెట్టేశాను. అది ఆ జంతువుదే అని చెప్పేవాడు లేడు. కాదని చెప్పేవాడూ లేడు. నిన్న తనిఖీ ఆయన అన్న మాట చెవిలో మోగింది: తెలియనిదంటే అనుమానమున్నదే, అనుమానమున్నదాన్ని వదిలెయ్యాల్సిందే.

"అమ్మకి చెబితే తట్టుకోలేదు," అన్నారాయన. "పురిటి ఇంటికైనా, చావు ఇంటికైనా ఈ పేటలో మన బన్నులే కదా వెళ్ళేది. ఏడాదిగా అందరికీ తన చేత్తో ఏం తినిపించిందో అని అదే తల్చుకుని చచ్చిపోతుంది."

"చెప్పకపోతే తప్పుడు ఒట్టు వేస్తుంది. జీవితంలో వేసే ఒక్క ఒట్టు!"

"తనకి తెలీదు కదా. తెలీకుండా చెబితే అది అబద్ధం కిందికి రాదేమో."

"మీకు తెలుసు కదా?"

"ఇప్పుడు నీకూ తెలుసు," అన్నారాయన.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏడాదిపాటు తనొక్కరే మోసిన బస్తాని, సరిగ్గా గుమ్మం దగ్గర, నా నెత్తిన దించి చేతులు దులుపుకున్నారు! ఆయన ముఖం చూస్తే కోపం కూడా నిలబడలేదు. ఆ మనిషి తల్లిని మోసం చెయ్యాలని చెయ్యలేదు. తల్లి మనసు కష్టపెట్టకూడదని చేశాడు. కష్టపెట్టకూడదనుకునేవాళ్ళు పెట్టే కష్టం మామూలుగా ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నోరు మూసుకుంటే నాకే లాభం. అత్తయ్య ఒట్టు వేస్తుంది, తనిఖీ ఆయన నమ్ముతాడు, ముద్ర ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, నా ఫైలు నిలబడుతుంది. నేను చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. అది ఎంత తేలికో చూసేసరికి నాకు భయమేసింది.

*

చెప్పెయ్యాలనే వెళ్ళాను.

అత్తయ్య మధ్యాహ్నం నమాజు చేసుకుని, మళ్ళీ ఓవెను ముందు స్టూలు మీదికి వచ్చింది. వదిన కింద కూర్చుని, నూనె గిన్నె పక్కన పెట్టుకుని, తల్లి కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ లాగి రుద్దుతోంది. ఇది మా ఇంట్లో రోజూ జరిగేదే. ఏడాదిగా జరుగుతోంది. అందుకే ఇంతకాలం నేను పట్టించుకోలేదు.

"ఇటు రా అమ్మాయ్," అంది అత్తయ్య. గొంతు మెత్తబడింది. "పొద్దున నోటికొచ్చినట్టు తిట్టాను. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, తిట్టలేదత్తయ్యా. చేతులు విరగ్గొడతానన్నారు, అంతే."

ఆవిడ నవ్వింది. తర్వాత తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"విరగాల్సింది నా చెయ్యే. ఏడాదిగా ఇది నా మాట వినడం లేదు. పూత వేస్తుంటే ఒకచోట మందంగా పడుతుంది, ఒకచోట గీతలు పడతాయి. వెనకటి మెరుపు రాదు. పాలు అవే, గుడ్డు అదే, బ్రష్షు అదే. ఇక తప్పు చేతిదే కదా?"

వదిన తల వంచుకుని రుద్దుతూనే ఉంది. "డాక్టరు ఏమీ లేదన్నాడు కదమ్మా."

"వాడి మొహం. ముసలిదాన్ని భయపెట్టడం ఎందుకని దాచాడు." నా వైపు తిరిగింది. "ఇక పూత పని నీకిచ్చేద్దామనుకుంటున్నాను. నీ రబ్బరు ముక్కతోనే వేసుకో, పో. పట్టు తప్పిన చేత్తో వేసేకంటే అదే నయం."

ఏడాది! పెయింటు కొట్టు బ్రష్షు ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ తన చేతిని అనుమానిస్తోంది. రోజూ నూనె రాయించుకుంటోంది. కొడుకు రోజూ ఎదురుగా నిలబడి అది చూస్తున్నాడు.

"నీ కాగితం గురించి బెంగ పెట్టుకోకు," అంది అత్తయ్య. "నువ్వు దానికోసం ఎంత తిరిగావో నేను చూడలేదనుకోకు. ఇన్నేళ్ళూ ఒట్టు అనేదాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్నాను. ఇవాళ నీ కోసం వాడతాను. నిజం చెప్పడానికి భయమేంటి?"

"అత్తయ్యా..."

"చెప్పు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. వదిన చేతుల్లో ఆ వేళ్ళు నూనెతో మెరుస్తున్నాయి. స్టోరు గది గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు.

"ఏంటి అమ్మాయ్?"

"పిండి పులిసిపోయిందత్తయ్యా," అన్నాను.

"పారబోసెయ్," అంది.

*

తనిఖీ ఆయన కుర్రవాడే. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. తనిఖీకి వచ్చిన చోట చాయ్ కూడా ముట్టడు. అత్తయ్య నిన్న అడిగింది, ఇవాళ మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాడు. ఇంత మంచివాడు కాకుండా కాస్త చిరాకుపడేవాడైతే బాగుండేది. తిట్టుకోవడానికైనా వీలుండేది.

"రాత్రంతా ఆలోచించానమ్మగారూ," అన్నాడు. "మా ఆఫీసు పెద్దాయనతో మాట్లాడాను. మీలాంటి పెద్దవాళ్ళు స్వయంగా చేయించుకున్న వస్తువని చెబుతున్నారు కాబట్టి మీ మాట తీసుకోమన్నారు. ఇందులో అంతా రాశాను. చదివి, అల్లా సాక్షిగా అని నోటితో చెప్పి, కింద సంతకం పెట్టండి."

"చదవకుండా పెట్టను బాబూ. మా ఆయన నాకు చెప్పిన మాటల్లో పనికొచ్చింది అదొక్కటే. ఒసేయ్, నా కళ్ళజోడు తే."

వదిన గల్లా సొరుగులోంచి కళ్ళజోడు తెచ్చింది. అత్తయ్య దాన్ని కొట్టు లెక్కల దగ్గర తప్ప పెట్టుకోదు. ఈ గదిలో అద్దాల మీద మైదా పడుతుందని కళ్ళు చికిలించుకునే పని చేస్తుంది. చేతికి తెలుసు, కళ్ళెందుకు అంటుంది.

నిదానంగా మొత్తం చదివింది. ఒక చోట ఆగి, "మేక అని రాశావు, మంచి నల్లమేక అని రాయి," అంది. ఆయన నల్ల అని చేర్చాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు. చెప్పండి, ఇప్పుడైనా చెప్పండి అని కళ్ళతోనే అరిచాను. కళ్ళతో అరిస్తే ఎవరికి వినబడుతుంది?

తనిఖీ ఆయన స్టిక్కరు చింపి, బ్రష్షు బయటికి తీసి, అత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇదే కదమ్మా? చూసి చెప్పండి."

"చూసేదేముంది బాబూ..." అంటూనే అత్తయ్య కుడిచేత్తో పిడి పట్టుకుంది. బొటనవేలు దాని చోటు అది వెతుక్కుంది. "అల్లా..."

"ఒక్క నిమిషం," అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. నా నోట్లోంచి శబ్దం వచ్చిందో లేదో నాకే తెలీదు. ఎవరూ నా వైపు తిరగలేదు.

అత్తయ్య ఆగిపోయింది. అయితే నా మాటకి కాదు. కళ్ళజోడు ఇంకా ముక్కు మీదే ఉంది. పిడిని కళ్ళ దగ్గరగా తెచ్చుకుంది. బొటనవేలు తీసి గాటు చూసింది. మళ్ళీ వేలు పెట్టింది. మళ్ళీ తీసింది.

"పాలపళ్ళు ఎంతుంటాయే?" అని వదినని అడిగింది.

"ఏంటమ్మా?"

"పాలపళ్ళు. బియ్యపు గింజంత ఉంటాయి కదా. ఇవేంటి, గుమ్మడి గింజలంత ఉన్నాయి?"

తనిఖీ ఆయన పెన్ను పట్టుకుని, ఏం జరుగుతోందో అర్థం కాక మా అందరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అమ్మగారూ, దీనికీ మనం రాసిన దానికీ..."

"ఉండు బాబూ." అత్తయ్య స్టూలు మీంచి లేచింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఓవెను తలుపు వదిలింది. "ఒరేయ్. ఇలా రా."

మా ఆయన వచ్చారు. నడినెత్తిన జుట్టు లేని మనిషి, తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నోరు తెరువు."

"అమ్మా..."

"తెరవరా!"

తెరిచారు. ఆయన ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. పెళ్ళిచూపుల్లో నేను మొదట చూసింది దాన్నే. అత్తయ్య పిడిని ఆయన పళ్ళ మధ్య పెట్టి, కొంచెం జరిపి, మళ్ళీ కొంచెం జరిపింది. ఆ వంకర పన్ను తన గుంటలో తను వెళ్ళి కూర్చుంది.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆవిడ బ్రష్షు బల్ల మీద పెట్టి, తన కుడిచెయ్యి ముఖం ముందుకి తెచ్చుకుంది. వేళ్ళు మూసింది, తెరిచింది. మళ్ళీ మూసింది.

"అయితే నా చేతికి ఏ రోగమూ లేదన్నమాట," అంది.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన తెరిచిన నోరు మూయడం కూడా మర్చిపోయారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు జాలేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. ఏది ముందు అనిపించిందో చెప్పలేను.

"అమ్మగారూ," తనిఖీ ఆయన మెల్లగా కాగితం చూపించాడు, "మరి ఈ సంతకం..."

అత్తయ్య ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. పెన్ను కూడా తీసుకుంది. సంతకం పెట్టలేదు, వెనక్కీ ఇవ్వలేదు. రెండూ పట్టుకుని, కళ్ళజోడులోంచి తిన్నగా నా వైపు చూసింది.

"అమ్మాయ్," అంది, "ఇందాక నువ్వు నా దగ్గరికొచ్చి చెప్పాలనుకున్నది పిండి పులిసిపోయిందనేనా?"